విద్యార్థి చిత్రములకొక గోడ



మన యూరి మీదుగా పోవు బాటయే బందరు చేరును. అచ్చట 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి ఆంధ్ర జాతీయ కళాశాలను స్థాపించిరి. వంగదేశమునుండి వచ్చిన ప్రమోదకుమార చటోపాధ్యాయులచ్చట చిత్రలేఖనము నేర్పిరి. వారి శిష్యులైన అడివి బాపిరాజుగారు అనంతరకాలమున ఆ కళాశాలకే ప్రధానాచార్యులైరి.

చదువువాడు లేనిచో పద్యము మూగవోవును. చూచువాడు లేనిచో చిత్రము మాసిపోవును. కళాశాలలయందు విద్యార్థుల పటములను గోడలకు తగిలించి ఊరివారిని పిలుచుట అందులకే. పదిమంది చూచినప్పుడే పిల్లవానికి తన లోపమును తెలియును, తన శక్తియు తెలియును.

మన గ్రంథాలయమున బీరువాలు నిండినవి. గోడ యొకటి ఖాళీగా నున్నది. ఏటేట ఒక నెల దానిని మన పిల్లల చిత్రములకు విడువవలయునని నా విన్నపము. మేకులకు, త్రాళ్లకు నగు వ్యయమును గ్రంథముల పద్దుననే వ్రాయుదము. అవియు చదువదగినవే.