సమ్నర్ ఊరి కోర్టు



కోర్టు మెట్లెక్కడమంటేనే మన ఇళ్ళల్లో అదోరకమైన భయం. ఈవేళ నేను చెప్పబోయేది అమెరికాలో ఒక చిన్న ఊరి కోర్టు సంగతి. మిసిసిపీ రాష్ట్రంలో పత్తిచేల నడుమ ఉంది సమ్నర్ అనే ఆ ఊరు. మన పల్లెటూరి పాటి జనం కూడా ఉండరు. అయినా టాలహాచీ కౌంటీకి ఉన్న రెండు ముఖ్యపట్టణాల్లో అదొకటి. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది లెండి. అందుకే అంత చిన్న ఊళ్ళో గడియారపు గోపురంతో అంత పెద్ద ఇటుకల కచేరీ!

1955 ఆగస్టులో ఎమెట్ టిల్ అనే పద్నాలుగేళ్ళ నల్లజాతి కుర్రాడు షికాగో నుంచి చుట్టాలింటికి వచ్చాడు. ఒక దుకాణంలో తెల్లావిడతో తప్పుగా ప్రవర్తించాడని నింద వేసి, ఆమె భర్తా, అతని అన్నా కలిసి అర్ధరాత్రి వాణ్ణి ఎత్తుకుపోయి చంపేశారు. మూడోరోజున శవం ఏట్లో తేలింది. తల్లి మేమీ టిల్‌కు వాడొక్కడే బిడ్డ. పెట్టె మూత తెరిచే ఉంచి, గుర్తుపట్టరాని ఆ ముఖాన్ని లోకమంతా చూడాలని పట్టుబట్టింది ఆవిడ. ఎంత గుండె కావాలండీ!

సెప్టెంబరులో సమ్నర్‌లో విచారణ జరిగింది. జ్యూరీలో పన్నెండుమందీ తెల్ల మగవాళ్ళే. ఓటున్నవాళ్ళనే జ్యూరీకి పిలిచేవారు. కౌంటీలో సగానికి పైగా నల్లవాళ్ళే అయినా వాళ్ళకు ఓటు దక్కనివ్వలేదు. ఇక ఆడవాళ్ళంటారా, ఆ రాష్ట్రంలో 1968 దాకా జ్యూరీలో కూర్చునే హక్కే లేదు. బిడ్డను కన్నతల్లి సాక్ష్యం చెబుతుంటే వినే పన్నెండుమందిలో ఒక్క తల్లి లేదన్నమాట.

ఆ శవం ఎమెట్‌ది కాదని ముద్దాయిల వకీళ్ళ వాదన. కన్నకొడుకును నేను పోల్చుకోలేనా అంది మేమీ. వేలికి దొరికిన ఉంగరం వాడి తండ్రిదే. పిల్లవాడి తాత వరసైన మోజ్ రైట్ అనే ముసలాయన నిండు కోర్టులో లేచి నిలబడి, ఎత్తుకుపోయినవాళ్ళు వీళ్ళేనని వేలు పెట్టి చూపించాడు. ఆ ఊళ్ళో, ఆ రోజుల్లో, నల్లవాడికి అది ప్రాణం మీదికొచ్చే పని. ఏం లాభం? 67 నిమిషాల్లో నిర్దోషులన్నారు. మధ్యలో సోడా తాగకపోతే అంతసేపు కూడా పట్టేది కాదని జ్యూరీలో ఒకాయన తర్వాత అన్నాడట! 1956లో ఆ ఇద్దరూ ఒక పత్రికవాళ్ళ దగ్గర డబ్బు పుచ్చుకుని, మేమే చంపామని చెప్పారు. ఒకసారి విడుదలైన కేసులో మళ్ళీ విచారించే వీల్లేదు మరి.

ఆ తర్వాత చాలా ఏళ్ళు ఊరు ఆ మాటే ఎత్తలేదు. 2007 అక్టోబరులో నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ కలిసి ఏర్పడిన సంఘం అదే కచేరీ ముందు నిలబడి, టిల్ కుటుంబాన్ని క్షమాపణ కోరుతూ రాసిన పత్రాన్ని చదివింది. తరువాత కోర్టు గదిని 1955లో ఎలా ఉండేదో అలాగే తిరిగి తీర్చిదిద్దారు. 2023లో తల్లీకొడుకుల పేరిట ప్రకటించిన జాతీయ స్మారకంలో ఆ కట్టడాన్నీ చేర్చారు.

మేమీ టిల్ 2003 జనవరిలోనే కన్నుమూసింది. సమ్నర్ చెప్పిన క్షమాపణ ఆవిడ చెవిన పడలేదు.