వెనక్కి తిరిగిన సీటు
(పూర్వ విద్యార్థుల సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు ఫోను చేసి "అమెరికా అనుభవాలు చెప్పండి, పది నిమిషాలు" అన్నారు. అమెరికా అనుభవాలు ఈ హాల్లో సగంమందికి ఉన్నాయి. మిగతా సగంమందికి వాళ్ల పిల్లలు చెప్పి చెప్పి విసుగెత్తించి ఉంటారు. అందుకని ఒక పాత కారు గురించి మాట్లాడతాను. మూడో వరసలో మా ఆవిడ అప్పుడే తల పట్టుకుంది. ఆమె ఈ కథ చాలాసార్లు విన్నది. చివరి ముక్క మాత్రం ఇంతవరకు వినలేదు.

ఆ కారును స్టేషన్ వ్యాగన్ అంటారు. పేరులోనే పుట్టుక ఉంది. రైలు దిగినవాళ్లను, వాళ్ల పెట్టెబేడలను ఇళ్లకు, హోటళ్లకు చేర్చిన బండి అది. మన కాచిగూడ స్టేషను బయట జట్కాలు, రిక్షాలు చేసిన పనే. మొదట్లో మోటారు చాసిస్ కొని, దానిమీద వడ్రంగి చేత చెక్క బాడీ కట్టించుకునేవారు. 1929లో ఫోర్డు కంపెనీ తానే ఆ చెక్కబండిని తయారుచేసి అమ్మసాగింది. చెక్క కదా, మళ్లీ మళ్లీ వార్నిష్ వేయాలి, బిగింపులు చూసుకోవాలి. 1946లో విల్లీస్ జీపువాళ్లు, 1949లో ప్లిమత్‌వాళ్లు పూర్తి ఉక్కు బాడీలు తెచ్చాక చెక్క పని అయిపోయింది. కానీ జనానికి చెక్కమీద మోజు పోలేదు. ఉక్కు తలుపులమీద చెక్క గీతల ప్లాస్టిక్ షీటు అంటించి మరో నలభై ఏళ్లు అమ్మారు. మనం ప్లైవుడ్ మీద టేకు రంగు సన్‌మైకా అంటించి మురిసిపోలేదూ, అలాగన్నమాట.

1956 చట్టంతో అమెరికాలో దేశమంతా పెద్ద రహదారులు వేయడం మొదలైంది. నలుగురు పిల్లలు, కుక్క, గుడారం, తినుబండారాలు, అన్నీ ఒకే బండిలో వేసుకుని సెలవులకు పోయే కాలం అది. అంబాసిడర్ పొడవు పద్నాలుగు అడుగులైతే ఈ బండి పద్దెనిమిది. వెనక సీట్లు మడిస్తే నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ షీటు నేలమీద బల్లపరుపుగా పడుకునేది. టీవీ సీరియళ్లలో సుఖంగా ఉన్న కుటుంబాన్ని చూపించాలంటే వాకిట్లో ఈ బండి నిలబెట్టేవారు. 1983లో ఒక హాలీవుడ్ హాస్యచిత్రం కుటుంబంతో సెలవులకు బయల్దేరిన నాన్న అవస్థలన్నీ ఇలాంటి బండిలోనే చూపించింది. అప్పటికే అది నవ్వులాటకు దిగిన వస్తువు.

నేను దానిమీద మనసు పారేసుకున్నది ఇందుకేదీ కాదు. మూడో సీటు వల్ల. 1957లో క్రైస్లర్ కంపెనీ తన ప్లిమత్, డాడ్జి బండ్లలో అన్నిటికంటే వెనక సీటును వెనక్కి తిప్పి పెట్టింది. అందులో కూర్చున్న పిల్లలకు వచ్చే ఊరు కనపడదు, పోయే ఊరు కనపడుతుంది. 1978లో డెట్రాయిట్‌లో చదువుకోవడానికి వెళ్లి, పాతకార్లు అమ్మే స్థలంలో ఆ సీటును మొదటిసారి చూసి అక్కడే నిలబడిపోయాను. అది నాకు తెలిసిన సీటే. అశోక్‌నగర్ నుంచి ఈ బడికి ఎనిమిదేళ్లు నేను దానిమీదే వచ్చాను.

1962 నుంచి 1972 దాకా చదివినవాళ్లు చేతులెత్తండి. సరే, మీకు చెప్పక్కర్లేదు. రిక్షా సీటుమీద నలుగురు, వాళ్లకు ఎదురుగా చిన్న పలకమీద ఇద్దరు, వెనకాల కట్టిన పలకమీద కాళ్లు వేలాడేసుకుని మరో ఇద్దరం. ముందు సీట్లు ఆడపిల్లలకీ, చంటిపిల్లలకీ. వెనక పలక మాకు సింహాసనం. నాలా మీద వంతెన వెనక్కి పోయేది, చిక్కడపల్లి పోయేది, సినిమా పోస్టర్లన్నీ తాపీగా చదువుకునేవాళ్లం. నారాయణగూడ వచ్చిందని హోటలు కాఫీ వాసనే చెప్పేది. ఎత్తు వచ్చినచోట చాచా దిగి లాగేవాడు, మేం దూకి తోసేవాళ్లం. నెలకు ఆరు రూపాయలు.

ఆ ప్లిమత్ సబర్బన్ 1969 నాటిది. పెట్రోలు ధర మండిపోతున్న 1979లో ఎనిమిది సిలిండర్ల పెద్ద బండి ఎవరికీ అక్కర్లేకపోయింది గనక నాకు నాలుగువందల డాలర్లకు వచ్చింది. తొమ్మిదిమంది కూర్చోవచ్చని కాగితాల్లో ఉంది. మనవాళ్లం పదకొండుమంది ఎక్కాం. అప్పట్లో మాకు దేవుణ్ని చూడాలంటే పిట్స్‌బర్గ్ పెన్ హిల్స్‌లో గుట్టమీద కట్టిన వెంకటేశ్వరస్వామి గుడి, దగ్గర దగ్గర మూడువందల మైళ్లు. తెల్లవారుజామున బయల్దేరి ఒహాయో దాటి వెళ్లి, దర్శనం చేసుకుని, పులిహోర తిని, మిగిలింది పొట్లం కట్టుకుని అర్ధరాత్రికి తిరిగొచ్చేవాళ్లం. వెనక సీటు కోసం పెళ్లయిన మగాళ్లు కూడా పోట్లాడుకునేవారు.

ఖర్చు తలా ఇంత అని నేనే వసూలు చేసేవాణ్ని. ఒకసారి కొత్తగా వచ్చిన ఒక కుర్రాడు, గుంటూరువాడు, "ఈ నెల నా దగ్గర లేవండీ, వచ్చేసారి వస్తాను" అన్నాడు. "సరే, నీ ఇష్టం" అన్నాను. వెళ్లాం. ఆ రోజు వెనక సీటులో ఒక చోటు ఖాళీగానే ఉంది. అద్దంలో అది కనపడుతూనే ఉంది. అతను తర్వాత మాతో చాలాసార్లు వచ్చాడు. ఆ సంగతి ఎన్నడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

1983 చివర్లో క్రైస్లర్‌వాళ్లే మినీవ్యాన్ తెచ్చారు. ఎత్తుగా, పొట్టిగా, తలుపు పక్కకు జరుగుతూ. అమెరికా తల్లులంతా అటు మళ్లారు. నేనూ మళ్లాను, ఇద్దరు పిల్లలు పుట్టాక ప్లిమత్‌ను అమ్మేశాను. 1996తో అక్కడ పెద్ద వ్యాగన్ల తయారీ ఆగిపోయింది. 2001లో ప్లిమత్ అన్న పేరే పోయింది. మన దేశంలో ఈ జాతి ఎప్పుడూ పాతుకోలేదు. అంబాసిడర్ ఎస్టేట్ వచ్చింది, 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది. మా మేనమామ దాన్ని చూసి "డిక్కీ లేని కారు కారేమిట్రా, ఆస్పత్రి బండిలాగా" అన్నాడు. డిక్కీ ఉంటేనే మర్యాద. ఆ మేనమామే తర్వాత క్వాలిస్ కొని పదిమందిని ఎక్కించుకుని తిరుపతి వెళ్లాడనుకోండి, అది వేరే కథ.

ఉద్యోగం విరమించాక మళ్లీ అదే ఏడాది, అదే రకం బండిని వెతికి కొన్నాను. ఏటా ఆగస్టులో డెట్రాయిట్ వుడ్‌వర్డ్ అవెన్యూలో పాతకార్ల జాతర జరుగుతుంది. పక్కన ఎర్రటి స్పోర్ట్స్ కార్లుంటాయి. వాటిముందు నిలబడి జనం ఫొటోలు దిగుతారు. నా బండి దగ్గరకొచ్చి మాత్రం మాట్లాడతారు. "మా నాన్నకి ఇదే ఉండేది" అంటారు. ఒక ముసలాయన వెనక తలుపు తెరిపించుకుని ఆ సీటులో పావుగంట కూర్చుని, ఏమీ మాట్లాడకుండా దిగి వెళ్లిపోయాడు.

ఇక మా ఆవిడ వినని ముక్క. 1969లో తెలంగాణ ఉద్యమంలో బడులు నెలల తరబడి మూతపడ్డాయి, మీకు గుర్తే. బడి లేదు గనక రిక్షా లేదు, రిక్షా లేదు గనక డబ్బుల్లేవు. ఏ ఇంట్లోనూ ఇచ్చినట్టు లేదు, మా ఇంట్లో ఇవ్వలేదు. ఆ రోజుల్లో చాచా బియ్యం మూటలు వేసుకుని రిక్షా లాగుతుంటే చూశాను. వెనక పలక విప్పేసి ఉంది. బడి తెరిచిన రోజు పొద్దున్న మా గుమ్మం ముందు బెల్లు మోగింది. పలక మళ్లీ కట్టి ఉంది. "చలో బేటా" అన్నాడు, అంతే. ఆ నెలల డబ్బు ఆయన అడగలేదని, నాన్న ఇవ్వలేదని, చాలా ఏళ్ల తర్వాత అమ్మ చెప్పింది. నాన్న జీతం కూడా ఆ రోజుల్లో అంతంతమాత్రం. అయినా చెప్తున్నాను.

1986లో సెలవుమీద వచ్చినప్పుడు నారాయణగూడ చౌరస్తాలో, చిక్కడపల్లిలో రిక్షాలు నిలిచేచోట అడిగాను. "కౌన్ చాచా, సాబ్?" అన్నారు. చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎనిమిదేళ్లు ఆయన వీపుకు నా వీపు ఆనించి కూర్చున్నాను, ఆయన పేరు నాకు తెలియదు.

పొడుగ్గా, గళ్ల లుంగీ, ఎడమచేతికి రెండు వేళ్లు వంకర. రిక్షా హుడ్డుకి ఆకుపచ్చ రంగు, వెనక రేకుమీద నెమలి బొమ్మ. అశోక్‌నగర్ నుంచి వచ్చేవాళ్లం ఎనిమిదిమందిమి. అందులో ముగ్గురు ఈ హాల్లో ఉన్నారు, పొద్దున్నే అడిగాను, వాళ్లకీ తెలియదు. మీలో ఎవరికైనా తెలిస్తే, లేకపోతే ఆ రోజుల్లో బడి గేటు ముందు తీసిన ఏ ఫొటోలోనైనా నెమలి బొమ్మ రిక్షా కనిపిస్తే, దయచేసి కార్యదర్శిగారికి చెప్పండి. నేను వచ్చేనెల పదో తారీఖు వరకు ఇక్కడే ఉంటాను.