మందుకు వెల కట్టేదెవరు?



ఎవరి పేరిట ఈ ఉపన్యాసం ఏర్పాటైందో ఆ మాస్టారు క్లాసులో మాత్రల స్ట్రిప్పు చేతికిచ్చి వెనక అచ్చయిన ధర చదవమనేవారు. ఆ మాత్రలో పడే ముడిమందు కిలో ఎంతో కనుక్కురమ్మనేవారు. రెండింటికీ ఎక్కడా పొంతన కుదిరేది కాదు. ఎందుకు కుదరదన్నదే ఇవాళ నేను చెప్పదలచుకున్నది. మందు ధరను ఫ్యాక్టరీ ఖర్చు కంటే పేటెంటు చట్టం, దాన్ని మెల్లగా వంచే వాణిజ్య ఒప్పందాలు ఎక్కువగా నిర్ణయిస్తాయి.

హైదరాబాదు కంపెనీ నాట్కో కేసే చూద్దాం. సొరాఫెనిబ్ ముదిరిన కాలేయ, మూత్రపిండ క్యాన్సర్లకు వాడే మందు. 200 మిల్లీగ్రాముల మాత్రలు ఉదయం రెండు, సాయంత్రం రెండు, అంటే నెలకు 120. జర్మనీకి చెందిన బేయర్ దీన్ని 'నెక్సావర్' పేరుతో నెలకు 2,80,428 రూపాయలకు అమ్మేది. మాత్ర ఒక్కటి 2,337 రూపాయలు పడుతుంది. నాట్కో స్వచ్ఛందంగా లైసెన్సు ఇమ్మని అడిగితే బేయర్ ఇవ్వలేదు. దాంతో నాట్కో పేటెంట్ల చట్టం 84వ సెక్షన్ కింద, పేటెంటుదారు ఒప్పుకోకపోయినా ప్రభుత్వం ఇవ్వగల నిర్బంధ లైసెన్సుకు దరఖాస్తు పెట్టింది. ఆ సెక్షన్ మూడు సంగతులు చూడమంటుంది: ప్రజల అవసరం తీరుతోందా, ధర అందుబాటులో ఉందా, ఆ ఆవిష్కరణను ఈ దేశంలో వినియోగంలో పెట్టారా. ఒక్కదానికి 'లేదు' అని తేలినా చాలు. పేటెంట్ల కంట్రోలర్ పి.హెచ్. కురియన్ 2012 మార్చిలో మూడింటికీ లేదనే తేల్చారు. నాట్కో నెల మందును 8,880 రూపాయలకు అమ్మాలి, అమ్మకాల మీద బేయర్‌కు 6 శాతం రాయల్టీ కట్టాలి. మాత్ర 74 రూపాయలకు దిగింది. అప్పీలులో మారిందల్లా రాయల్టీ, అదీ 7 శాతానికి.

ఆ విచారణలో ఒక ముచ్చట చెప్పకుండా ఉండలేను. మరో భారతీయ కంపెనీ సిప్లా కూడా ఇదే మందును నెలకు సుమారు 30,000 రూపాయలకు అమ్ముతోంది కదా, ఇక ప్రజలకు కొరత ఎక్కడిదని బేయర్ వాదించింది. ఆ అమ్మకం ఆపించాలని సిప్లా మీద దావా వేసింది ఎవరనుకున్నారు? బేయరే! ఒకచోట ఆపమంటూ మరోచోట దాన్నే తన ఖాతాలో వేసుకుంటానంటే కంట్రోలర్ ఒప్పుకోలేదు. నాట్కో రంగంలోకి దిగిన రెండు నెలల్లోపే సిప్లా తన ధరను 6,840కి తగ్గించింది. పోటీ అంటే ఇదీ.

ఇంత జరిగాక అలాంటి లైసెన్సులు వరుసగా వచ్చి ఉండాలి. రాలేదు. ఆ సెక్షన్ కింద మన దేశం మందుకు ఇచ్చిన నిర్బంధ లైసెన్సు అదొక్కటే. హైదరాబాదుకే చెందిన లీ ఫార్మా మధుమేహం మందు సాక్సాగ్లిప్టిన్ కోసం అడిగితే 2016లో తిరస్కరించారు. మేధో హక్కుల రక్షణపై అమెరికా ఏటా వెలువరించే స్పెషల్ 301 నివేదికలో మనం ఏళ్ల తరబడి ప్రయారిటీ వాచ్ లిస్టులోనే ఉన్నాం. ఆ జాబితా భయం ఢిల్లీ కార్యాలయాల్లో లేదనుకోవడం అమాయకత్వం.

మన చట్టం ఊరికే ఇలా తయారు కాలేదు. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక పునాదిగా 1970 చట్టం వచ్చింది. మందుకు పేటెంటు లేదు, తయారీ పద్ధతికే అన్నారు. బాలానగర్ ఐడీపీఎల్‌లో పని నేర్చిన డాక్టర్ రెడ్డీస్ అంజిరెడ్డి లాంటివారు సొంత కంపెనీలు పెట్టగలిగింది ఆ నీడలోనే. 2001లో సిప్లా యూసుఫ్ హమీద్ ఏడాదికి 10,000 డాలర్లు దాటే ఎయిడ్స్ మందుల్ని 350 డాలర్లకే ఇస్తామనగలిగిందీ అందుకే. డబ్ల్యూటీవో ఒప్పందం వల్ల 2005లో మందులకు పేటెంట్లు తిరిగొచ్చాయి. అయితే పాత మందుకే కొత్త రూపం ఇచ్చి గడువు పెంచుకోకుండా 3(డి) సెక్షన్ అడ్డు పెట్టారు. 2013 ఏప్రిల్ 1న క్యాన్సర్ మందు గ్లివెక్ కేసులో నోవార్టిస్ ఓడింది దాని మీదే.

ఇక సుంకాల సంగతి. 2025 సెప్టెంబరులో ట్రంప్ పేటెంటు మందుల మీద 100 శాతం సుంకం ప్రకటించారు. పేటెంటు లేని జెనరిక్‌ల జోలికి రాలేదు కాబట్టి మనకు బెడద లేదని చాలామంది సర్దుకున్నారు. నా దృష్టిలో అసలు కథ బ్రిటన్‌లో నడిచింది. ఇతర సంపన్న దేశాలు తక్కువ చెల్లించి అమెరికా మీద భారం వేస్తున్నాయన్నది ట్రంప్ వాదన. ఆ ఆగస్టులోనే అమెరికా కంపెనీ ఎలై లిల్లీ బ్రిటన్‌లో బరువు తగ్గించే మందు మౌంజారో ధర పెంచుతున్నట్టు చెప్పింది. పెద్ద డోసు నెల ధర 122 పౌండ్ల నుంచి 330కి చేరింది. డిసెంబరులో రెండు ప్రభుత్వాలు ఒప్పందానికొచ్చాయి. బ్రిటన్ మందుల మీద అమెరికా సుంకం ఉండదు, బదులుగా అక్కడి ప్రభుత్వ వైద్యసేవ ఎన్‌హెచ్‌ఎస్ కొత్త మందులకు 25 శాతం ఎక్కువ చెల్లిస్తుంది. సుంకం బెదిరింపు అమెరికాది, బిల్లు బ్రిటిష్ పన్ను చెల్లింపుదారుది.

మన వంతు ఇంకో దారిన వస్తోంది. 2025 జులైలో బ్రిటన్‌తో మనం సంతకం చేసిన వాణిజ్య ఒప్పందంలో, మందులు అందుబాటులోకి తేవడానికి స్వచ్ఛంద లైసెన్సులే మేలైన మార్గమని ఒప్పుకున్నాం. 84వ సెక్షన్ రద్దు కాలేదు. కానీ రేపు దాన్ని వాడబోతే ఎదుటివాడు చూపించే కాగితం ఇదే. స్వచ్ఛందంగా ఇవ్వననే కదా బేయర్ నాట్కోను పంపేసింది!

జెనరిక్‌లన్నీ పునీతమైనవని నేననను. దిగుమతి చేసుకునే ముడిమందుల్లో అధికభాగం చైనా నుంచే తెచ్చుకుంటున్నాం. అహ్మదాబాదు దగ్గరి ఒక ఫ్యాక్టరీలో నాణ్యతా లోపాలు బయటపడి ఉత్పత్తి ఆగితే 2023లో అమెరికా ఆసుపత్రుల్లో క్యాన్సర్ మందు సిస్‌ప్లాటిన్‌కు కొరత వచ్చింది. చవకగా చేయడంతో పాటు శుభ్రంగా చేయడం కూడా మన పనే.

ఫార్మసీ విద్యార్థులకు ఒక మాట. పేటెంటు మంజూరు కాకముందే 25(1) సెక్షన్ కింద ఎవరైనా అభ్యంతరం చెప్పవచ్చు. క్షయ మందు బెడాక్విలిన్ మీద గడువు పొడిగించే పేటెంటును 2023లో ముంబయిలో అలాగే ఆపగలిగారు. అభ్యంతరం పెట్టినవారు క్షయను జయించిన ఇద్దరు మహిళలు, పాత మందుల వల్ల వినికిడి పోగొట్టుకున్నవారు. 2024 నిబంధనలు ఈ అభ్యంతరానికి ఫీజు పెట్టాయి, విచారణకు అర్హమో కాదో ముందే తేల్చే అధికారం కంట్రోలర్‌కు ఇచ్చాయి. తలుపు ఇరుకైంది గానీ మూసుకుపోలేదు. ఆ దరఖాస్తు రాయడానికి కావలసిన రసాయన శాస్త్రం మీకు వచ్చు. చట్టం కూడా నేర్చుకోండి, కనీసం ఒక్క అభ్యంతరమైనా మీ కాలేజీ నుంచి వెళ్లేలా చూడండి.