కవర్ పారేస్తున్నారా? ఒక్కసారి లోపల చూడండి!

పోయిన వారం కామెంట్లలో చాలామంది ఒకటే అడిగారు: "అక్కా, ఖర్చు లేని హాబీ ఏదన్నా చెప్పు." సరే, ఇవాళ చెప్పే హాబీకి నిజంగా ఒక్క రూపాయి కూడా ఖర్చు లేదు. కావాల్సిన సామాను మీ ఇంటికే పోస్ట్‌లో వస్తుంది, మీరే దాన్ని చించి చెత్తబుట్టలో వేస్తున్నారు.

(కవర్ చూపిస్తూ) ఇది చూడండి. బ్యాంకు నుంచి వచ్చిన మామూలు తెల్ల కవర్. పైన అడ్రస్ కనిపించే చిన్న కిటికీ ఉంది. దీన్ని చింపకుండా, అతికించిన చోట మెల్లగా విప్పి, లోపలి వైపు తిప్పుతున్నా. చూశారా? నీలం రంగులో సన్నటి అలలు, ఒకదాని మీద ఒకటి. చీర అంచులాగా లేదూ? వీటినే సెక్యూరిటీ కవర్లు అంటారు. నా దగ్గర ఇప్పుడు రెండు వందల పైచిలుకు డిజైన్లు ఉన్నాయి. మాది కోరుట్ల. ఇవన్నీ కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల తిరిగి పోగుచేసినవే.

ముందు ఈ డిజైన్ ఎందుకు వేస్తారో చూద్దాం. అందం కోసం కాదు. మీ ఫోన్ టార్చ్ ఆన్ చేసి, మీకే వచ్చిన ఒక మామూలు కవర్ వెనక పెట్టండి. కాగితం వెలుతురును కొంచెం లోపలికి పోనిస్తుంది, సిరా ఉన్న చోట అడ్డుపడుతుంది. అందుకే లోపలి అక్షరాలు నీడల్లాగా కనిపిస్తాయి. ఇప్పుడు డిజైన్ ఉన్న కవర్ పెట్టండి. అక్షరాల నీడ, గీతల నీడ కలిసిపోతాయి. ఏది అక్షరమో ఏది గీతో కంటికి తేడా తెలియదు. అంతే కిటుకు.

ఇక్కడ ఒక చిన్న లెక్క ఉంది. గీతలు అక్షరాలంత సైజులో, దగ్గరదగ్గరగా ఉంటేనే పని చేస్తాయి. మరీ పెద్ద పువ్వులు వేస్తే పువ్వుకూ పువ్వుకూ మధ్య జాగాలో అక్షరాలు దొరికిపోతాయి. అందుకే చాలా డిజైన్లు చిన్నచిన్న గళ్లు, చుక్కలు, అలలు, అల్లికలు. కొన్నిట్లో అంకెలు, అక్షరాలు గజిబిజిగా ఒకదాని మీద ఒకటి కొట్టేసి ఉంటాయి. కొన్ని కంపెనీలు తమ లోగోనే వందల సార్లు రిపీట్ చేస్తాయి.

ఉత్తరాన్ని దాచాలనే ఆలోచన కొత్తది కాదు. నాలుగు వేల ఏండ్ల కింద మెసొపొటేమియాలో మట్టి పలక మీద ఉత్తరం రాసి, దాని చుట్టూ మళ్లీ మట్టితోనే కవర్ చేసేవాళ్లు. లోపలిది చదవాలంటే పై మట్టి పగలగొట్టాల్సిందే. ఇక ఈ కిటికీ కవర్ ఉంది కదా, దీనికి 1902లో చికాగోకు చెందిన అమెరికస్ కాలహన్ పేటెంట్ తీసుకున్నాడు. అడ్రస్ రెండుసార్లు రాసే పని తప్పింది.

మన దేశంలో చూస్తే, పోస్ట్ కార్డు 1879లో వచ్చింది. అందులో దాపరికమే లేదు, పోస్ట్‌మ్యాన్ నుంచి పక్కింటోళ్ల దాకా ఎవరైనా చదవొచ్చు. 1950లో నీలం రంగు ఇన్లాండ్ లెటర్ వచ్చింది. మడత పెట్టి అతికిస్తాం గానీ, పక్క సందులోంచి ఒక కన్ను పెట్టి చూసేవాళ్లు ఎప్పుడూ ఉన్నారు! పూర్తిగా మూసిన కవర్ అంటే కొంచెం గౌరవం. మా తాత దాన్ని కవర్ అనడు, "లిఫాఫా" అంటడు.

ఇప్పుడు మన జిల్లాల సంగతికొద్దాం. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల అంటే గల్ఫ్. దుబాయి, మస్కట్, సౌదీ, కువైట్ పోయినోళ్లు లేని వాడకట్టు దొరకదు. ఇప్పుడంటే వీడియో కాల్. అప్పుడు ఉత్తరమే. అంచుల మీద ఎరుపు, నీలం పట్టీలుండే ఎయిర్‌మెయిల్ కవర్లు చూశారా? వాటి కాగితం చాలా పల్చన. ఎందుకంటే విమానంలో పోయే ఉత్తరానికి బరువును బట్టి చార్జీ. బరువు తగ్గాలంటే కాగితం పల్చగా ఉండాలి, పల్చగా ఉంటే లోపలిది కనిపిస్తుంది. అందుకే చాలా ఎయిర్‌మెయిల్ కవర్ల లోపల నీలం గీతలు, గళ్లు. నా కలెక్షన్‌లో అన్నిటికంటే విలువైనవి ఇవే.

ఇవి మా నాయినమ్మవి. మా తాత 1980లలో దుబాయి పోయిండు. నాయినమ్మకు అప్పుడు చదువు రాదు. ఉత్తరం వస్తే వాడకట్టులో చదువుకున్న ఒకాయన దగ్గరికి తీసుకుపోయేది. ఆయన అరుగు మీద కూర్చొని గట్టిగా చదివేటాయన. ఇంటి అప్పు ఎంత, ఎవరికి ఎంత ఇవ్వాలి, తాతకు జ్వరం వచ్చిందా, ఆమె మీద బెంగ పెట్టుకున్నాడా, అన్నీ ఆ అరుగు మీదనే. చుట్టూ ఉన్నవాళ్లందరూ విన్నాకనే అది ఆమె ఉత్తరం అయ్యేది. తిరిగి జవాబు రాయించాలన్నా అంతే. మనసులో ఉన్నది చెప్పలేక, "అందరం బాగున్నం, పైసలు అందినయ్" అని రాయించి వచ్చేదట.

నేను ఈ సెక్యూరిటీ డిజైన్ గురించి ఆమెకు వివరిస్తుంటే నవ్వింది. "లోపల గన్ని గీతలు కొట్టి ఏం ఫాయిద బిడ్డా? సదివేటోడు సదువుతుంటె వాడంత ఇననే ఇన్నది" అన్నది.

ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. కవర్ లోపలి డిజైన్ దారిలో చూసేవాళ్లను ఆపుతుంది. చదువు రాని మనిషికి మాత్రం ఆ దాపరికం ఇంటి గడప దాకా వచ్చి ఆగిపోతుంది. నాయినమ్మ దానికి ఏం చేసిందో తెలుసా? ఊళ్లో రాత్రి బడి పెడితే పోయింది. పొద్దంతా బీడీలు చేసి, రాత్రి పలక పట్టింది. ఏడాదికి పైగా పట్టిందట. ఆ తర్వాత వచ్చిన ఒక ఉత్తరాన్ని తలుపు దగ్గరేసుకొని, ఒక్కో అక్షరం కూడబలుక్కొని, ఒక్కతే చదువుకుంది. ఆ ఉత్తరంలో ఏముందో ఇప్పటికీ ఎవరికీ చెప్పదు.

నా హాబీ గురించి తెలిసి ఆమె పెట్టెలోంచి ఎయిర్‌మెయిల్ కవర్ల కట్ట తీసింది. ముందు ఒక్కో కవర్‌లోంచి ఉత్తరం బయటికి తీసి, ఒళ్లో పెట్టుకుంది. "కవర్లు నీకు, ఉత్తరాలు నాకు" అన్నది. మా అమ్మ "ఒక్కటి చదువు అత్తా, విందాం" అని బతిమాలినా వినలేదు. నేను అడగనే లేదు. ఆ కవర్లను నేను కత్తిరించను, అతికించను. ఒక్కోదాన్ని అట్లనే ప్లాస్టిక్ షీట్‌లో పెట్టుకున్నా. కాబట్టి ఈ హాబీలో నా మొదటి రూల్: కవర్ మీదే కావచ్చు, ఉత్తరం వేరేవాళ్లది. అడిగి తీసుకోండి. పెద్దవాళ్లు వద్దంటే వదిలేయండి.

ఇంకో రకం కవర్ చూపిస్తా. (చిన్న కవర్ చూపిస్తూ) ఏటీఎం కార్డు పిన్ వచ్చే కవర్. దీని మీద నల్లటి గజిబిజి ఎంత దట్టంగా ఉందో చూడండి. దీంట్లో ఒక గమ్మత్తు ఉంది. ముందు కవర్ సీల్ చేస్తారు, తర్వాత పిన్ ప్రింట్ చేస్తారు! ఎట్లా అంటే, రిబ్బన్ తీసేసిన డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ సూదులు పైనుంచి కొడతాయి. పైన సిరా పడదు. ఆ దెబ్బకు లోపలి కార్బన్ పొర నుంచి అంకెలు కింది కాగితం మీద పడతాయి. మనం చింపేదాకా ఆ నాలుగు అంకెలు ఎవరూ చూడరు. ఇప్పుడు చాలా బ్యాంకులు పిన్‌ను ఏటీఎంలోనో, ఫోన్‌లోనో మనమే పెట్టుకొమ్మంటున్నాయి. స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌కు వస్తున్నాయి. అంటే ఈ కవర్లు మన కళ్ల ముందే తగ్గిపోతున్నాయి. ఇంకో పదేండ్లకు వెతికినా దొరుకుతాయో లేదో. దొరికినప్పుడే దాచుకోవాలి.

సిరిసిల్లలో నాకు ఈ హాబీ మీద కొత్త కన్ను వచ్చింది. అక్కడ మా మేనమామ సాంచెల మీద పని చేస్తాడు. సాంచెలంటే పవర్‌లూమ్‌లు, తెలియనివాళ్ల కోసం చెప్తున్నా. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు గారు, ఆయన కొడుకు విజయ్ గారు ఆ ఊరివాళ్లే. అంటే గీత, పోగు లెక్క తెలిసిన ఊరు. నా నోట్‌బుక్ మామ చేతిలో పెడితే ఆయన కవర్లను చూడలేదు, బట్టను చూశాడు. "ఇది ప్లెయిన్, ఇది ట్విల్, ఇది డాబీ" అని పేర్లు పెట్టుకుంటూ పోయాడు. తర్వాత బొటనవేలు పెట్టి కొలిచి, "ఇగో, ఇక్కడికి రిపీట్ అయిపోయింది" అన్నాడు.

నిజమే. కవర్ల కాగితం మీద డిజైన్‌ను రోలర్‌తో ప్రింట్ చేస్తారు. రోలర్ ఒక చుట్టు తిరిగితే డిజైన్ మళ్లీ మొదటికి వస్తుంది. ఆ కాగితాన్ని కవర్లుగా కోసేటప్పుడు డిజైన్ ఎక్కడ తెగిందో ఎవరూ పట్టించుకోరు. అందుకే ఒకే బ్యాంకు కవర్లు రెండు తీసుకున్నా, అంచు దగ్గర డిజైన్ ఒకే తీరుగా ఉండకపోవచ్చు. రెండిటినీ పక్కపక్కన పెట్టి గీతకు గీత కలపడం మస్తు మజా. గంట ఎట్ల పోతదో తెలియదు, ఫోన్ కూడా గుర్తుకురాదు!

సరే, మీరు మొదలుపెట్టాలంటే ఎట్లా? ముందు మీ ఇల్లు, తర్వాత చుట్టాల ఇళ్లు. "బ్యాంకు కవర్లు, ఇన్సూరెన్స్ కవర్లు పారేయకుండ్రి, నాకియ్యుండ్రి" అని చెప్పి పెట్టండి. నేను జగిత్యాలలో ఒక పాత పేపర్ల దుకాణాయనను అడిగితే, ముందు వింతగా చూసి, తర్వాత ఒక సంచి పక్కన పెట్టడం మొదలుపెట్టాడు. ఆ సంచిలోనే నాకు ఆకుపచ్చ డిజైన్ దొరికింది. ఎక్కువగా వచ్చేవి నీలం, నలుపు, బూడిద రంగు. ఆకుపచ్చ, ఎరుపు దొరికితే ఆ రోజు పండుగే.

విప్పేటప్పుడు చింపొద్దు. పల్చటి స్టీల్ స్కేల్‌ను అతుకు కిందికి దూర్చి మెల్లగా జరపండి. ముడతలుంటే పైన బట్ట వేసి, గోరువెచ్చని ఇస్త్రీ పెట్టె ఒకసారి తిప్పండి. కిటికీకి ప్లాస్టిక్ ఉంటే ముందే తీసేయండి, లేకపోతే కరుగుతుంది. నోట్‌బుక్‌లో అతికించి, కింద తేదీ, ఊరు, ఎవరిచ్చారో రాయండి. డిజైన్‌కు మీరే పేరు పెట్టండి. నావి చూడండి: చాప అల్లిక, చేప పొలుసు, చీమల బారు, బియ్యం గింజలు. పేరు పెడితే మర్చిపోరు. ఎండ తగలని చోట దాచండి, రంగు వెలిసిపోకుండా ఉంటుంది.

ఇక వీటితో ఏం చేయొచ్చు? ఒకే డిజైన్ మూడు నాలుగు ఉంటే, కవర్‌ను తిరగేసి మళ్లీ అతికించండి. డిజైన్ బయటికి వచ్చేస్తుంది. పెండ్లిలో 116 రూపాయలు చదివించడానికి దీనికంటే మంచి కవర్ ఏ దుకాణంలో దొరుకుతుంది? పోయిన పండక్కి నేను ఒక అట్ట మీద బతుకమ్మ చేశా. తంగేడు వరుసకు ఒక డిజైన్, గునుగు వరుసకు ఒక డిజైన్, అట్ల పైదాకా. రంగులు రెండే, నీలం, నలుపు. అయినా చూసినవాళ్లంతా దగ్గరికొచ్చి, "ఇదేం కాగితం?" అని అడిగారు.

చివరగా ఒక ముఖ్యమైన మాట, ఇది మాత్రం స్కిప్ చేయకండి. ఇతరుల పేరు మీద వచ్చిన ఉత్తరాన్ని ఎప్పుడూ తెరవొద్దు. కవర్ మీద పేరు, అడ్రస్, ఫోన్ నంబర్, బార్‌కోడ్ ఉంటే ముందు ఆ ముక్క కోసి చించేయండి. లోపల అకౌంట్ నంబర్ ఉన్న కాగితం మిగిలిపోయిందేమో చూడండి. తొందరపడి ఇన్‌స్టాలో ఫొటో పెట్టకండి. మోసం చేసేవాళ్లకు పేరు, ఊరు, బ్యాంకు తెలిస్తే చాలు, "మేం బ్యాంకు నుంచి మాట్లాడుతున్నాం" అని ఫోన్ చేయడానికి. దాచడం కోసం పుట్టిన కవర్‌తో మనమే గుట్టు బయట పెట్టుకుంటే ఎట్లా?

ఈ వారం మీకో పని. ఇంట్లో ఒక్క కవర్ వెతకండి, లోపలికి తిప్పండి, డిజైన్‌కు తెలుగులో ఒక పేరు పెట్టండి. ఆ పేరు కామెంట్‌లో రాయండి. బాగున్న పేర్లను వచ్చే ఎపిసోడ్‌లో చదువుతా. అట్లనే మీ ఇంట్లో పెద్దవాళ్ల పాత కవర్లు ఉంటే, అవి ఎక్కడినుంచి వచ్చాయో అడగండి. వాళ్లు చెప్పినంతే వినండి, చెప్పనిది అడగొద్దు. వచ్చే వారం మైదా పిండితో ఇంట్లోనే గంజి చేసి నోట్‌బుక్ బైండింగ్ ఎట్లా చేయాలో చూపిస్తా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే!