కారణాంకములను వెదకని నిరూపణము



127 రెండులను వరుసగా గుణించి, ఆ లబ్ధమునుండి ఒకటిని తీసివేసినచో వచ్చు సంఖ్య 170141183460469231731687303715884105727. 39 అంకెలుగల యీ సంఖ్య ప్రధానసంఖ్య యని 1876లో ఫ్రెంచి గణితవేత్త ఎదువార్ ల్యూకా నిర్ధారించెను. అటుపిమ్మట 75 సంవత్సరములపాటు దీనిని మించిన ప్రధానసంఖ్య లోకమునకు తెలియలేదు. యంత్రసాహాయ్యము లేక, కేవలము హస్తగణనముచే తేలినవానిలో నేటికిని దీనిదే అగ్రస్థానము.

పారిస్‌నందలి క్రైస్తవ సన్యాసి మారిన్ మెర్సెన్ రెండు యొక్క ఏ ఘాతములనుండి ఒకటి తీసివేసినచో ప్రధానసంఖ్యలు వచ్చునో తెలుపుచు 1644లో ప్రకటించిన పట్టికయందు 127వ ఘాతము చేరియున్నది. ఆ పట్టికలో 67, 257 చేరరాక చేరినవి. 61, 89, 107 చేరవలసియు చేరలేదు. అయినను రెండు శతాబ్దములకు పైగా గణితజ్ఞులను పనికి పురికొల్పిన యా సన్యాసిని నిందింప నాకు మనసొప్పదు. 1772లో గణితవేత్త ఆయిలర్ 31వ ఘాతమునకు చెందిన 2147483647 ప్రధానమని చూపెను. కారణాంకములకు ఉండదగిన రూపమును ముందుగా నిర్ణయించి, ఆ రూపముగలవానితో మాత్రమే భాగించి చూచుట ఆయన మార్గము. ఆ మార్గముననే మన సంఖ్యను పరీక్షింపబూనినచో 20 అంకెల భాజకములవరకు పోవలసియుండును. అది మానవాయువునకు లొంగెడి పని కాదు.

ల్యూకా భాగహారపు దారినే విడిచి, ఫిబొనాచ్చి శ్రేఢి ధర్మములనుండి వేరొక పరీక్షను సాధించెను. 1930లో గణితవేత్త లెహ్మర్ దానికి నేటి సులభరూపము నొసగెను. 4తో ఆరంభించి, వర్గముచేసి, 2 తీసివేసి, పరీక్షింపబడు సంఖ్యచే భాగించి, శేషమును మాత్రము నిలుపుకొని, దానినే మరల వర్గము చేయుచు పోవలయును. ఘాతాంకము బేసి ప్రధానమైనపుడు, దానికి రెండు తక్కువమారులు ఇట్లు చేసినపిదప శేషము సున్నయైనచో సంఖ్య ప్రధానము, కానిచో కాదు. 7వ ఘాతమునకు చెందిన 127ను గైకొందము: 4, 14, 67, 42, 111 అని శేషములు నడచి, అయిదవ ఆవృత్తిలో 111 వర్గమునుండి 2 తీయగా 12319 వచ్చును, అది సరిగా 127కు 97 రెట్లు. మన మహాసంఖ్యకు 125 ఆవృత్తులే చాలును.

ఆ 1876లోనే ల్యూకా 67వ ఘాతపు సంఖ్య ప్రధానము కాదనియు తేల్చెను. కాని దాని కారణాంక మొక్కటియు ఆయనకు దొరకలేదు. 1903లోగాని కోల్ అను అమెరికా గణితవేత్త 193707721, 761838257287 అను రెండింటి లబ్ధముగా దానిని చూపజాలడయ్యెను. కారణాంకమును కన్నులార చూడకయే, అది కలదని సందేహలేశము లేక తెలియుట సంఖ్యాశాస్త్రమున నన్ను అన్నిటికంటె ఆశ్చర్యపరచిన విషయము.

2నుండి 3, 3నుండి 7, 7నుండి 127, 127నుండి యీ మహాసంఖ్య ముందటి సంఖ్యను ఘాతాంకముగా గైకొనెడి ఒకే సూత్రమున పుట్టుచున్నవి, అన్నియు ప్రధానములే. ఈ పరంపర ఇట్లే సాగునా యని గణితవేత్త కాటలాన్ విచారించెను. తరువాతి సంఖ్యయందలి అంకెల లెక్కయే 38 అంకెలుగలది. దానికి ల్యూకా పరీక్ష నడుపుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. కావున గణితజ్ఞులు మరల ఆయిలర్ దారినే పట్టి, కారణాంక మున్నచో అది మన మహాసంఖ్యయొక్క సరిగుణిజమునకు ఒకటి అధికమై యుండవలెనన్న నియమముతో వెదకుచున్నారు; ఇంతవరకు ఒక్కటియు దొరకలేదు.