మన పత్రిక చిరునామాలు
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మేము మెట్రిక్యులేషను వరకే చదివి, తండ్రిగారి దుకాణమున కూర్చున్నవారము. కంప్యూటరు విద్య మాకు రాదు. అయినను మన పత్రికకు అంతర్జాల పుటలు ఏర్పడిన నాటినుండి ఫిర్యాదులన్నియు మా దుకాణమునకే వచ్చుచున్నవి. కావున ఆ పుటలను నడుపు కుర్రవాని ప్రక్కన కూర్చుండి కొంత తెలిసికొంటిమి.

మొన్న బల్లార్‌పూర్ నుండి ఒక పెద్దమ్మ వచ్చిరి. భర్త పోయినప్పుడు మన పత్రికలో పడిన సంతాప వార్త పుటను ఫోనులో దాచుకొని అప్పుడప్పుడు చూచుకొనుచుండెడివారు. “బిడ్డా, నొక్కితే పేజీ లేదంటున్నది, ఏడ వోయింది?” అని అడిగిరి. పుట పోలేదు. దాని చిరునామా మారినది. మార్చినవారము మేమే.

మన ఊరి గోండు రాజుల కోటకు జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బింబా అను నాలుగు ద్వారములును, ఖిడ్కీలని పిలువబడు చిన్న దారులును కలవు గదా. ద్వారము కడ చిట్టా పట్టుకొని యొక కావలివాడు నిలిచినాడని తలపుడు. సర్వరు కడ అట్టివాడొకడు గలడు. వచ్చినవాడు ఏ దారి పేరు చెప్పుచున్నాడు, చూచిపోవుటకు వచ్చెనా, ఫారము నింపి ఇచ్చుటకు వచ్చెనా అని చూచి, తగిన గుమాస్తాకు అప్పగించును. చూచుటకైనచో గెట్ అనియు, ఇచ్చుటకైనచో పోస్ట్ అనియు అందురు. ఈ అప్పగింతకే రౌటింగు అని పేరు.

జావాస్క్రిప్టు 1995లో బ్రౌజరు కొరకు పుట్టిన భాష. 2009లో ర్యాన్ డాల్ నోడ్ జేఎస్‌ను వెలువరించిన పిదప అది సర్వరులలోను విరివిగా పనిచేయసాగెను. దానిపై నిర్మింపబడిన ఎక్స్‌ప్రెస్ అను చట్రముతో మన పుటలు నడుచుచున్నవి.

ఎక్స్‌ప్రెస్ కావలివాడు చిట్టాను పైనుండి చదువును. మొదట సరిపడిన దారికే అప్పగించును. అంతకంటె చక్కగా సరిపడునది క్రింద నున్నను, పైవాడు జవాబిచ్చినచో దానిని చూడడు. మొదట మన దారులు ఇంగ్లీషు లిపిలో నుండెడివి. సంచిక అను మాట తరువాత ఏమి వచ్చినను దానిని సంఖ్యగా గైకొను దారి పైన నుండెను. తాజా సంచిక దారి దాని క్రింద నుండెను. తాజా సంచిక కోరినవారికెల్ల, తాజా అను సంఖ్యగల సంచిక లేదని జవాబు! వరుస మార్చగా సరిపోయెను. తిట్లు తిన్నవారము మాత్రము మేము.

తరువాత, తెలుగు పత్రికకు తెలుగు చిరునామాలే యుండవలెనని కార్యవర్గము తీర్మానించెను. అందు మాదే పెద్ద గొంతు. కాని తెలుగు అక్షరము చిరునామాలో ఉన్నదున్నట్లు ప్రయాణము చేయదు. ‘క’ అనునది 3 బైట్లు, ఒక్కొక్క బైటు శాతపు గుర్తుతో కలిసి 3 గుర్తులు, వెరసి 9. ‘చంద్రపూర్’ అను మాట సున్నను, పొల్లులను, కొమ్మును కలుపుకొని 81 గుర్తుల మూటయై వచ్చును. కావలివాని చిట్టాలో చక్కని తెలుగు, ఎదుట నిలిచినది ముసుగు మనిషి. చిట్టాలోని స్థిరమైన పేరును పోల్చునప్పుడు ఎక్స్‌ప్రెస్ ఆ ముసుగు తీయదు. పోలిక కుదరక అందరిని చిట్టచివరి దారికి, అనగా 404కు, త్రోసెను. చిట్టాలోని పేరును గూడ అదే ముసుగుతో వ్రాసినచో చాలును. కుర్రవాడు ఒక సాయంకాలమున దానిని సరిచేసెను.

అంతకంటె పెద్ద తప్పు మాది. క్రొత్త దారులు వచ్చినవని పాతవానిని కొట్టివేయించితిమి. దుకాణము వీధి మారినప్పుడు పాత తలుపుపై కాగితము అంటింపని వర్తకుడుండునా? శాశ్వతముగా మారినదని తెలుపు 301 అను సంఖ్యతో, పాత చిరునామాకు వచ్చినవానిని క్రొత్తదానికి పంపుట ఎక్స్‌ప్రెస్‌లో ఒకటి రెండు పంక్తుల పని. వెబ్బును సృజించిన టిమ్ బర్నర్స్-లీ, మంచి చిరునామాలు మారవని 1998లోనే వ్రాసిరి. మాకు ఆ పెద్దమ్మ వచ్చువరకు తెలియలేదు.

ఇంగ్లీషు దారులకే మరలుదమని కొందరనుచున్నారు. మేము ఒప్పము. తెలుగు చిరునామాలు ఉండును. ఫోనులో తెలుగు మీటలు లేనివారికొరకు, మన పిల్లలలో తెలుగు వ్రాయలేనివారికొరకు, ముద్రిత పత్రికలో ప్రతి సంచికకు అంకెలతో కురుచ చిరునామా నొకదానిని గూడ వేయుదుము. అదియు తెలుగు పుటకే చేర్చును.

పెద్దమ్మ పుట ఆ దినముననే తెరువబడినది. పాత చిరునామాల జాబితా మావద్ద పూర్తిగా లేదు. మీ ఫోనులలో తెరువబడని వేవైన నున్నచో, ఈ నెలాఖరులోగా మా దుకాణమునకు వచ్చి వ్రాయించి పొండు.