చూపు తగ్గినచో జాగు చేయరాదు

పంచాయతీ సభ్యులారా!

2020లో మన దేశమున ప్రవేశించిన కరోనా ముఖ్యముగా ఊపిరితిత్తులకు సోకు వ్యాధి యని మనమందఱము ఎఱుగుదుము. అయితే ఆ జ్వరము తగ్గిన కొన్ని దినములకో, వారములకో కొందఱికి కంటినరము వాచి చూపు మందగించినట్లు వైద్యులు గుర్తించినారు. ఇది అరుదు, కాని ఉపేక్షింపదగినది కాదు.

కంటిని మెదడుతో కలుపు ఈ నరమునందు సుమారు 10 లక్షల పోగులు గలవు. రోగముతో పోరాడవలసిన శరీరరక్షణశక్తి ఒక్కొక్కప్పుడు దారితప్పి ఈ నరముపైననే పడును. అప్పుడు కొన్ని గంటలలోనో, దినములలోనో ఒక కన్నుగాని, రెండును గాని మసకబాఱును. కనుగ్రుడ్డు త్రిప్పినచో నొప్పి పుట్టును. ఎఱుపురంగు వెలసినట్లు తోచును. కన్ను మాత్రము పైకి బాగుగనే కనిపించును; అందుచే ఇంటివారు నమ్మరు, విలువైన కాలము గడచిపోవును.

సాధారణముగా దీనికి వైద్యులు స్టెరాయిడ్ మందును కొన్ని దినములు రక్తనాళము ద్వారా ఎక్కింతురు. అంతమాత్రమున ఆ మందును అంగడిలో కొని మ్రింగరాదు. 2021లో కరోనా రోగులను పీడించిన బ్లాక్ ఫంగస్ కూడ చూపును హరించినది. దానికి స్టెరాయిడ్ అగ్నికి ఆజ్యము వంటిది. ఈ రెంటి భేదమును వైద్యుడే తేల్చవలెను.

మేము మిమ్ము కోరునది ఒక్కటే. ఈ లక్షణములను గ్రామసభలో చదివి వినిపింపుడు. చూపు తగ్గినదని ఎవరైన చెప్పినచో పసరులతో కాలము పుచ్చనీయక, ఆ దినముననే నేత్రవైద్యుడున్న ఆసుపత్రికి పంపుడు.